మూడు బారల పళ్ళెం

ఆ ఎండాకాలం మా సముద్రానికి వాసన పోయింది.

నవ్వకండి. పుట్టినప్పటి నుంచి ఆ వాసనలోనే పెరిగినవాళ్ళకి, అది పోతేగాని అదొకటి ఉండేదని తెలియదు. నాచు, ఉప్పు, తడి తాడు, కాస్త కుళ్ళు కలిసిన ఆ వాసన మా దుప్పట్లలో ఉండేది, దిండ్లలో ఉండేది, ఆఖరికి అక్కకి పుట్టిన పదిరోజుల పసిదాని నెత్తిమీద కూడా ఉండేది. ఒకరోజు పొద్దున కిటికీ తీస్తే ఏమీ లేదు. కాచి చల్లార్చిన నీళ్ళకి ఏం వాసన ఉంటుందో అంతే. జలుబు చేసిందేమో అనుకుని ముక్కు చీదుకుని మళ్ళీ పీల్చాను.

"అమ్మా, సముద్రం వాసన రావట్లేదే," అన్నాను.

"పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. ఆ వాసనైనా వస్తోందా?" అంది అమ్మ.

ఇంట్లో నన్ను అందరూ గొణుగుడు అంటారు. కొంప అంటుకుందని చెప్పినా సరే, ఇది మళ్ళీ మొదలుపెట్టింది అంటారు.

మాది ఆల్చిప్పల పెంపకం. భూమిలోకి చొచ్చుకొచ్చిన సముద్రపు కొమ్ములో మాకు ఏడు తెప్పలుండేవి. ఒక్కో తెప్ప కింద వందకి పైగా తాళ్ళు వేలాడతాయి, వాటిని పట్టుకుని ఆల్చిప్పలు పెరుగుతాయి. మేం మేత వెయ్యం. పచ్చటి నీళ్ళే వాటి మేత. కంటికి ఆనని పచ్చటి నలకలు నీళ్ళలో కోట్లకొద్దీ ఉంటాయి, ఆల్చిప్పలు వాటిని వడగట్టుకుని బతుకుతాయి. నీళ్ళు చిక్కగా ఉంటే అవి బలుస్తాయి. తేటపడితే పస్తుంటాయి.

నీళ్ళెంత చిక్కగా ఉన్నాయో చెప్పేది నానమ్మ పళ్ళెం. పింగాణీ పూత వేసిన తెల్లటి పళ్ళేనికి మూడు చిల్లులు, మూడు పురికొసలు, అడుగున బరువుకో రాయి, పైన పొడుగాటి తాడు. తాడుకి బారకో ముడి. రెండు చేతులూ బార్లా చాపితే ఎంతో అంత. పళ్ళేన్ని నీళ్ళలోకి వదులుతూ, తెలుపు కనుమరుగైన చోట ముడులు లెక్కపెట్టాలి. మూడు బారలకి మాయమైతే నీళ్ళు చిక్కగా ఉన్నట్టు. అయిదు దాటితే దిగులు పడాలి. ఏడు దాటితే ఇక ఆలోచన లేదు, తెప్పల్ని మోటారు పడవకి కట్టి ఏటి మొగకి లాక్కుపోవాలి. అక్కడ ఏరు తెచ్చే ఒండ్రులో ఎప్పుడూ ఏదో ఒక తిండి ఉంటుంది.

రోజూ పొద్దెక్కాక నానమ్మ మా చెక్కల రేవు చివరికి వెళ్ళి పళ్ళెం వేసొచ్చి అంకె చెప్పేది. నేను గుమ్మం పక్కన పలక మీద సుద్దతో రాసేదాన్ని. ఆ ఎండాకాలం రెండు నెలలు నేను రాసిన అంకె ఒక్కటే. మూడు.

ఆ ఏటి పంట మీద మా ఆశలు మామూలువి కావు. బావ వడ్రంగి. సముద్రం లేని ఊరివాడు, పెళ్ళికొచ్చినప్పుడే మొదటిసారి సముద్రాన్ని చూసి, "ఇదంతా నీళ్ళేనా?" అని అడిగి మాకు నెలరోజులకి సరిపడా నవ్వు ఇచ్చాడు. అక్క పురిటికొచ్చినప్పుడు తోడొచ్చాడు. వచ్చిన వారానికే నాన్న తెప్పకీ రేవుకీ మధ్య జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. తొడ దాకా పిండికట్టు. ఇక తెప్పల పని బావ నెత్తిన పడింది. నాన్న వసారాలో మంచం మీద పడుకునే ఒప్పందం చేశాడు. ఈ పంట చేతికొస్తే రెండు తెప్పలు అల్లుడివి. అక్కా పిల్లా ఇక్కడే మా కళ్ళ ముందే ఉండిపోతారు. ఆ మాట విని నేను వంటింట్లోకి వెళ్ళి ఒంటరిగా ఎగిరి గంతేశాను. అక్క లేని ఏడాది ఎలా గడిచిందో నాకే తెలుసు.

వాసన పోయిన పది రోజులకి ఎర్రటోపీ మామయ్య తన తెప్పల్ని లాక్కుని మా రేవు ముందు నుంచి పోతున్నాడు. మామయ్య అంటే వరసకే, కొమ్ము మొగ దగ్గర తెప్పలున్నాయన. పడవలోంచే కేకేశాడు.

"పెద్దాయనా! నీళ్ళు పలచబడ్డాయి, కదలండి!"

"మా పళ్ళెం మూడంటోంది!" అని నాన్న మంచం మీంచే అరిచాడు.

"మీ పళ్ళెం సంగతి నాకు తెలీదు. తెప్ప మీద నిలబడితే నా నీడ నాకు అడుగున కనిపిస్తోంది!"

పడవ దాటిపోయాక నాన్న నా వైపు తిరిగాడు. "వాడికి పుట్టుకతోనే తొందర. మీ అక్క పెళ్ళికి ముందురోజే వచ్చి కూచున్నాడు, గుర్తుందా? మొగ దగ్గర నీళ్ళు వేరు, మన దగ్గర నీళ్ళు వేరు. తెప్పల్ని లాగితే సగం ఆల్చిప్పలు దారిలోనే రాలిపోతాయి. ఊరికే ఎందుకు లాగుతాం?"

ఆ మాటా నిజమే. అదీగాక, నానమ్మ పళ్ళెం ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు.

తర్వాత కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం బావ తెప్పల మీంచి పనిముట్లు కూడా తెచ్చుకోకుండా వచ్చేశాడు. వసారా మెట్టు మీద కూలబడ్డాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఏమైంది బావా?"

"కింద ఇంకో తెప్ప ఉంది."

"ఎవరిది?"

"మనదే. నీడ. అడుగున ఇసకలో అచ్చుపోసినట్టు పడింది. దాని మీద ఒకడు నిలబడ్డాడు. నేను చెయ్యెత్తితే వాడూ చెయ్యెత్తాడు." గ్లాసు నీళ్ళు ఒక్క గుక్కలో తాగాడు. "నీళ్ళున్నట్టే లేదు మరదలా. మిద్దె అంచు మీద నిలబడ్డట్టుంది. ఒక్క చేప లేదు. పక్షి కూడా లేదు. తాడు మీంచి ఆల్చిప్పలు వాటంతటవే ఊడి కిందికి పోతున్నాయి. చప్పుడు లేకుండా, మెల్లగా. అడుగున నల్లగా కుప్ప పడుతున్నాయి."

"ఆ చెయ్యెత్తినవాడికి పని వస్తే పైకి పిలవకపోయావా, నీకూ ఆసరాగా ఉండేది," అన్నాను.

నాన్న నవ్వాడు. "కొత్త కదా అల్లుడూ, ఎండ తీరుని బట్టి అలా భ్రమ కలుగుతుంది. అమ్మా! ఇవాళ ఎంత?"

నానమ్మ లోపలి నుంచి, "మూడేరా," అంది. గొంతులో తడబాటు లేదు.

బావ నా వైపు చూశాడు. సముద్రం సంగతి ఆయనకేం తెలుసు? ముప్ఫై ఏళ్ళుగా ఆ నీళ్ళ మీదే బతికిన మామగారు భ్రమ అన్నాక తన కళ్ళని తనే అనుమానించుకున్నాడు పాపం. మర్నాటి నుంచి తెప్ప మీద కిందికి చూడకుండా పనిచెయ్యడం నేర్చుకున్నాడు.

రెండు వారాలకోసారి నీళ్ళ పరీక్షల ఆఫీసు నుంచి ఒకాయన వచ్చేవాడు. చెక్కపెట్టె నిండా సీసాలు తెస్తాడని ఆయన్ని సీసాల సారు అనేవాళ్ళం. అక్కడక్కడా నీళ్ళు పట్టుకుని, వెళ్ళేముందు మా వసారాలో టీ తాగి, మా పలక మీది అంకె తన పుస్తకంలో రాసుకునేవాడు. ఆ రోజు సారు టీ ముట్టుకోలేదు.

"ఏదో తేడాగా ఉంది," అన్నాడు. "పోయినసారి పట్టుకెళ్ళిన నీళ్ళలో ఎరువు సున్నా వచ్చింది. నీళ్ళలో ఏమీ లేదు. స్వచ్ఛంగా ఉన్నాయి. అంత స్వచ్ఛంగా ఉండకూడదు."

"సముద్రానికి ఎరువెవరు వేస్తారు సార్?" అన్నాడు బావ.

సారుకి చెప్పడమంటే సరదా. అరచేతులు ఒకదాని మీద ఒకటి పెట్టి చూపించాడు. "పైన బతికిందంతా చచ్చాక కిందికే పోతుందయ్యా. చేపలు, నాచు, ఆల్చిప్పల మలం, అన్నీ. అడుగున చీకట్లో అదంతా కుళ్ళి ఎరువవుతుంది. ఎరువేమో కింద, ఎండేమో పైన. రెండూ కలిస్తేగాని పచ్చదనం పుట్టదు. ఏటా ఈపాటికి గట్టు మీంచి చల్లగాలి కొట్టి, పై నీళ్ళని బయటికి తోసేస్తుంది. ఆ ఖాళీలోకి అడుగు నీళ్ళు లేచొస్తాయి. ఈ ఏడు గాలి రాలేదు. వేడి నీళ్ళు మూత పెట్టినట్టు పైన కూచున్నాయి."

గుమ్మంలో నిలబడి వింటున్న నానమ్మ అంది, "అయితే పోయినవాళ్ళంతా మళ్ళీ పైకొచ్చి తిండవుతారన్నమాట."

"ఒకరకంగా అంతేనండి."

"గాలొస్తే ఏమవుతుంది? నీళ్ళు మళ్ళీ మూసుకుపోతాయా?"

సారు నవ్వాడు. "మూసుకుపోవడమేంటండీ, పచ్చబడతాయి. అదేగా మనకి కావాల్సింది." అని పలక వైపు చూసి మొహం చిన్నబుచ్చుకున్నాడు. "మీ పళ్ళెం మూడంటోంది. అంటే నీళ్ళు చిక్కగా ఉన్నట్టే కదా. మీ అంకె ఎప్పుడూ తప్పలేదు. నా సీసాలే సరిగ్గా కడిగినట్టు లేరు మా వాళ్ళు. మళ్ళీ కడిగించి చూస్తాను."

అంత చదువుకున్నాయన, ఇన్ని సీసాలు పెట్టుకుని, మా నానమ్మ మాట మీద నమ్మకంతో తన లెక్కనే తప్పుపట్టుకుని వెళ్ళిపోయాడు.

నానమ్మ తీరులో తేడా నేనప్పటికే గమనించాను. రేవు మీదికి వెళ్ళి పళ్ళెం వేసి రావడానికి చిటికె సేపు చాలు. ఆవిడ ముక్కాలి పీట పట్టుకెళ్ళి గంటలకొద్దీ ఉండిపోతోంది. పొద్దున్నే తల దువ్వుకుంటోంది. పెట్టెలోంచి మంచి బట్టలు తీసి కడుతోంది. తిరిగొచ్చేటప్పుడు ఆ మొహం చూస్తే డెబ్భై దాటిన మనిషి అనుకోరు.

"ఎవరితో నానమ్మా అంతసేపు కబుర్లు?" అని ఒకసారి ఆటపట్టించాను.

"పళ్ళెంతోనే తల్లీ. మరీ నీ అంత గొణగదు," అంది.

ఒక మధ్యాహ్నం బావ బాగుచెయ్యడానికని ఒక తాడు గట్టుకి తెచ్చాడు. దాని మీది ఆల్చిప్పల్ని నేను విడదీస్తున్నాను. మామూలుగా నీళ్ళలోంచి తీసిన తాడు ఊరుకోదు. చిమ్ముతుంది, టకటకలాడుతుంది, గిన్నెల బుట్ట కదిపినట్టుంటుంది. ఇది మాట్లాడలేదు. ఒకదాన్ని వేలితో తట్టాను. మూసుకోవడానికి పది లెక్కపెట్టేంత సేపు పట్టింది. తెరిచి చూస్తే లోపల నానిన కాగితం ముక్కంత కండ. మరొకటి చూశాను. అదీ అంతే.

చేతిలో పట్టుకుని నాన్న దగ్గరికి పరిగెత్తాను. "రేపు పళ్ళెం నేను వేస్తాను నాన్నా."

నాన్న నన్ను ఎప్పుడూ కసురుకోడు. ఆ రోజు కసిరాడు. "మా అమ్మ చేతిలోంచి పళ్ళెం లాక్కుంటావా? మా నాన్న పోయిన రోజు నుంచీ ఆవిడ్ని నిలబెట్టింది అదే. ఇంకోసారి ఆ మాటెత్తకు."

నేను ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. మర్నాడు నానమ్మ తల దువ్వుకుంటుంటే, వంటింటి మేకుకున్న పళ్ళెం తీసుకుని రేవు మీదికి వెళ్ళిపోయాను.

గాలి లేదు. అల లేదు. చెక్కల కింద నీళ్ళు స్తంభాలకి తగిలే చప్పుడు కూడా లేదు. రేవు చివర బోర్లా పడుకుని, తలని అంచు దాటించి పళ్ళెం వదిలాను. ఒక బార. రెండు. మూడు. మూడో ముడి నా వేళ్ళ మధ్య నుంచి జారింది, పళ్ళెం పౌర్ణమి చంద్రుడిలా వెలుగుతూనే ఉంది. నాలుగు. అయిదు. వదిలేకొద్దీ అది చిన్నదవుతోందేగానీ మాయమవడం లేదు. ఏడు. ఎనిమిది. నా గుండె చప్పుడు చెక్కకి తగిలి నాకే వినిపిస్తోంది. తొమ్మిదో ముడి దగ్గర తాడు వదులైపోయింది. పళ్ళెం అడుగుకి ఆనింది. మెత్తటి బురద కొంచెం లేచి, మళ్ళీ సర్దుకుంది. పళ్ళెం అక్కడ కూచుని నా వైపు చూస్తోంది. దానికున్న మూడు చిల్లులు కూడా కనిపించినట్టే అనిపించింది.

పుట్టి పంతొమ్మిదేళ్ళు ఆ రేవు మీద ఆడి, దూకి, ఈది, నేను దాని అడుగుని ఎన్నడూ చూడలేదు. ఏవేవో ఉన్నాయి. ఒక కుర్చీ. నేను ఆరో ఏట పారేసుకున్న చెప్పుల జతలో ఒకటి. విరిగిన లంగరు. అన్నీ ఎవరో సర్ది వెళ్ళిన గదిలో వస్తువుల్లా, ఎక్కడివక్కడే, కదలకుండా. చూపు కొంచెం పక్కకి జరిపాను.

పళ్ళేనికి నాలుగు బారల అవతల ఒక పడవ ఉంది.

పడవంటే పడవ కాదు, పడవ ఎముకలు. ఒక పక్క పూర్తిగా పోయింది, రెండో పక్క బురదలోంచి వంపు కర్రలు పైకి లేచి ఉన్నాయి. ముక్కు మాత్రం నిక్షేపంలా ఉంది. ముక్కుకి ఇనప కడియం. లోపల అడ్డంగా ఒక తెడ్డు. దానిలో ఇంకేమైనా ఉందేమోనని వెతకబోయి, నా కళ్ళు నేనే మూసుకున్నాను.

"చూశావా," అంది నానమ్మ.

ఎప్పుడొచ్చిందో, పీట పట్టుకుని నా వెనకే నిలబడి ఉంది.

"అది తాతయ్యదా?"

"ఆ కడియం నేను రంగువేసిందే." పీట వేసుకుని, రోజూ కూచునే చోటే కూచుంది. "ఆ రోజు పొగమంచు. మీ తాతయ్య పళ్ళేనికి చిల్లులు పొడిచింది కూడా ఆ రోజే. కొత్త పళ్ళేలు, ఆరింటి జత, నేను ఎంతో ముచ్చటపడి కొనుక్కున్నవి. అందులోది తీసి మేకుతో పొడిచేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. పో, మళ్ళీ ఈ గుమ్మం తొక్కకు అన్నాను. సరే అన్నాడు. వెళ్ళాడు. పళ్ళెం ఈ చెక్కల మీదే వదిలేశాడు."

మిగతా అయిదు పళ్ళేల్లోనే మేం రోజూ అన్నం తింటాం.

"అందరూ బయటి సముద్రంలో వెతికారు. మంచులో దారితప్పి అటు కొట్టుకుపోయాడన్నారు. నేను మాత్రం వేరేగా అనుకున్నాను. పొమ్మన్నాను, పోయాడు. ఎక్కడో బతికే ఉన్నాడు, నా గుమ్మం తొక్కనని పంతం పట్టాడు, అంతే అనుకున్నాను. ఇరవై రెండేళ్ళు అదే అనుకున్నాను." వంగి, వేలితో చూపించింది. "ముక్కు చూడు. ఎటువైపుంది?"

చూశాను. పడవ ముక్కు మా రేవు వైపే, మా ఇంటి వైపే ఉంది.

"తిరిగొస్తున్నాడే," అంది నానమ్మ. "ఓ కేక దూరం కూడా లేదు. కేకేసే ఉంటాడు. నేను వంటింట్లో గిన్నెలు విసిరికొడుతూ ఉండుంటాను."

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. నాకే దుఃఖం ఆగలేదు. కానీ దుఃఖం వెనకే కోపం కూడా వచ్చింది. అది దాచిపెడితే అబద్ధమవుతుంది.

"రెండు నెలల నుంచీ తెలుసు నీకు. ఆల్చిప్పలు చచ్చిపోతున్నాయి నానమ్మా."

"తెలుసు."

"అక్కా పిల్లా ఉండిపోవాలంటే..."

"తెలుసు తల్లీ. అంకె చెప్తే అందరూ వచ్చి తొంగిచూస్తారు. మీ నాన్న ఊరుకుంటాడా, కొక్కేలు వేసి పైకి లాగిస్తాడు. లాగితే పొడి పొడి అయిపోతుంది. ఒక్క రోజు చూద్దామనుకున్నాను. తర్వాత ఇంకొక్క రోజు." నా జడ పట్టుకుంది, చిన్నప్పుడు పట్టుకున్నట్టు. "గాలొస్తే ఎలాగూ మూసుకుపోతుంది. ఇంకో నాలుగు రోజులు ఆగలేవా?"

తాడు పైకి లాగాను. తడి తాడుకి ఎప్పుడూ ఉండే జిగురు లేదు, ఉతికి ఆరేసినట్టుంది. ఇంటికొచ్చాను. పలక మీది మూడు తుడిచాను. తొమ్మిది అని రాశాను.

నాన్న మంచం మీంచి ఆ అంకెని చాలాసేపు చూశాడు. నానమ్మ మెల్లగా మెట్లెక్కి వచ్చింది.

"ఏంటమ్మా ఇది?"

నానమ్మ ముందు నా వైపు చూసింది. నేను నోరు విప్పుతానేమో అని చూసింది. విప్పలేదు. అప్పుడు పీట కింద పెట్టి, "కళ్ళు మసకబారాయిరా," అంది. "మూడు దాటితే నాకేమీ కనిపించడం లేదు. చెప్పుకోవడానికి సిగ్గేసింది."

నాన్న అరుస్తాడనుకున్నాను. ఆయన చెయ్యి చాచి నానమ్మ చెంప నిమిరాడు. "పిచ్చిదానివా అమ్మా, నాతో చెప్పుకోవడానికేం," అన్నాడు. దానికన్నా అరిచినా బాగుండేది.

మర్నాడే మోటారు పడవ పిలిపించాం. ఏడు తెప్పల్లో మూడింటి తాళ్ళు అప్పటికే బోసిగా వేలాడుతున్నాయి. నాలుగింటిని లాగాం. పడవవాడికి తోడుగా బావ, నేను తెప్పల మీద నిలబడ్డాం. రేవు ముందు నుంచి దాటేటప్పుడు ఎండ నడినెత్తిన ఉంది. మా నీడలు కింద బురద మీద పాకుతూ, ఆ వంపు కర్రల మీదికి ఎక్కి, దిగాయి. ఒక్క క్షణం కింద నీడ మనుషులిద్దరూ ఆ పడవలో ఎక్కి నిలబడ్డట్టే కనిపించారు.

"మరదలా, కింద ఏదో..." అన్నాడు బావ.

"ముందుకి చూడు బావా. కళ్ళు తిరిగి పడితే నిన్నెత్తడం నా వల్ల కాదు."

ఆయన ముందుకే చూశాడు. మంచివాడు.

ఏటి మొగలో నాలుగు తెప్పలూ అంతంతమాత్రంగా తేరుకున్నాయి. అది ఒక సంసారానికే చాలీచాలని పంట. నాన్న ఎలా చెప్పాలా అని మథనపడుతుంటే బావే చెప్పాడు, తన ఊళ్ళో పని దొరికిందని. అక్క వెళ్ళేరోజు పసిదాన్ని నా చేతికిచ్చింది. నెత్తిమీద ముక్కు పెట్టి వాసన చూశాను. పాల వాసన ఒక్కటే ఉంది. బస్సు కదిలాక ఇంటికొచ్చి, నానమ్మ ఎదురొస్తే పక్కకి తప్పుకుని వెళ్ళిపోయాను. ఆ తర్వాత ఆవిడతో మాట్లాడడం మానేశాను.

నాన్న పోరగా పోరగా ఆవిడ్ని కళ్ళ డాక్టరు దగ్గరికి మాత్రం నేనే తీసుకెళ్ళాను. గోడమీది అక్షరాలన్నీ, ఆఖరి వరసలో చీమల్లాంటివి కూడా, నానమ్మ గడగడా చదివేసింది. ఆయన ఆశ్చర్యపోయి, ఈ వయసులో ఇంత చూపు నేనెక్కడా చూడలేదన్నాడు. తిరుగు బస్సులో ఇద్దరం కిటికీలోంచి చూస్తూ కూచున్నాం.

"ఏమన్నాడు డాక్టరు?" అని నాన్న అడిగాడు.

"ఇక లాభం లేదన్నాడు," అన్నాను. నానమ్మ లోపలికి వెళ్ళిపోయింది.

పళ్ళెం పని అప్పటి నుంచి నాదయ్యింది. నానమ్మ గుమ్మం దగ్గర పీట వేసుకుని కూచునేది. రేవు మీదికి రావడానికి నాన్న ఒప్పుకునేవాడు కాదు, చూపులేని మనిషి జారిపడుతుందని. నేను వెళ్ళి, తొమ్మిది బారలు వదిలి, పడవ వైపు చూడకుండా వచ్చి పలక మీద రాసేదాన్ని. ఆవిడ అంకె అడిగేది కాదు, నేను చెప్పేదాన్ని కాదు.

ఆ నెలాఖరున గాలి తిరిగింది. రెండు పగళ్ళు, రెండు రాత్రులు గట్టు మీంచి సముద్రంలోకి ఒకటే కొట్టుడు, తలుపులు నిలవనివ్వలేదు. మూడో రోజు నీళ్ళలో కాలు పెడితే ఎముకలు జివ్వుమన్నాయి. నాలుగో రోజు ఎండ కాసింది. అయిదో రోజు పళ్ళెం ఏడుకి మాయమైంది. తర్వాత అయిదుకి. పక్షులు ఎక్కణ్ణుంచి వచ్చాయో, ఆకాశమంతా కీచుకీచులు. ఎర్రటోపీ మామయ్య పడవలోంచి చేతులు రెండూ ఊపుకుంటూ పోయాడు. నాన్న కర్ర పట్టుకుని రేవు దాకా నడిచి, "వాసన! వాసన వచ్చిందే గొణుగుడూ!" అని చిన్నపిల్లాడిలా అరిచాడు.

ఆ మర్నాడు పళ్ళెం సరిగ్గా మూడో ముడికి కనిపించకుండా పోయింది. ఇంకా ఆరు బారలు వదిలాను. అడుగుకి ఆనినట్టు చేతికి తెలిసింది. పచ్చటి నీళ్ళు, చిక్కగా, ఏమీ కనిపించకుండా. తెప్పల్ని లాగిన రోజు తర్వాత మొదటిసారి పడవ ఉన్న వైపు చూశాను. అక్కడ నా మొహం మాత్రం కనిపించింది.

ఇంటికొచ్చి పలక మీద మూడు అని పెద్దగా రాశాను. నానమ్మ ఆ పలక కిందే పీట మీద కూచుని ఉంది. తల దువ్వుకుంది. మంచి బట్టలు కట్టుకుంది.

"ఎన్ని బారలే?" అంది.

ఇన్నాళ్ళలో అడగడం అదే మొదటిసారి. వసారాలో నాన్న లేడు. నేను సుద్దముక్క జేబులో వేసుకుని ఆవిడ ముందు చతికిలబడ్డాను.

"తొమ్మిది నానమ్మా."

"అడుగు కనిపిస్తోందా?"

"కనిపిస్తోంది."

"ముక్కు?"

"మన వైపే ఉంది."

నానమ్మ నా తల మీదుగా పలక వైపు చూసింది. ఆ అంకె ఎంత పెద్దగా రాశానో చెప్పాను కదా. తర్వాత నా చెయ్యి తీసుకుని తిప్పింది. తాడు జిగురంతా అంటుకుని అరచెయ్యి పచ్చగా ఉంది.

"చల్లగా ఉన్నాయే నీళ్ళు," అంది.

"కింది నుంచి వచ్చాయి కదా."

తుడుస్తుందనుకున్నాను. తుడవలేదు. ఆ చెయ్యిని రెండు చేతుల మధ్య అలాగే పెట్టుకుని, వేడెక్కేదాకా వదల్లేదు.